ఇంపార్ట్ అనే ఇంగ్లీష్ క్రియని తప్పుల్లేకుండా వాడటం ఎలా

ఇంపార్ట్ అనే ఇంగ్లీష్ మాట కబుర్లలో పెద్దగా వినపడదు. రాతలో మాత్రం తరచూ తగులుతూనే ఉంటుంది, ఉద్యోగానికి పెట్టే అప్లికేషన్‌లో, కాలేజీ బ్రోషర్‌లో, ట్రైనింగ్ రిపోర్టులో, కెమిస్ట్రీ పుస్తకంలో, చివరికి క్రికెట్ కామెంటరీలో కూడా. చదివేటప్పుడు ఇబ్బందేమీ లేదు, జ్ఞానం అందించడం, తెలియజేయడం, అలాంటిదేదో అని అర్థమైపోతుంది. మనమే ఒక వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది టెన్షన్. ఎవరికి అన్నది ముందు రావాలా, ఏమిటి అన్నది ముందు రావాలా, మధ్యలో టు పెట్టాలా, విత్ పెట్టాలా, ఇన్ పెట్టాలా? ఈ క్రియతో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం అర్థం తెలియక జరిగేవి కావు, పక్కన ఏ మాట ఏ వరసలో రావాలో తెలియక జరిగేవి. అందుకే అర్థం దగ్గర కొంచెమే ఆగి, వాక్యం కట్టడం మీద ఎక్కువ సేపు కూర్చుందాం.

ముందు ఒక్క వాక్యం కంఠతా పట్టేయండి: "షీ ఇంపార్ట్స్ నాలెడ్జ్ టు హర్ స్టూడెంట్స్." క్రియ అయిన వెంటనే అందించే విషయం, ఆ తర్వాత టు, ఆ తర్వాత అందుకునే మనిషి. ఇంతే. ఈ వరస ఒక్కటి చేతికి పట్టుబడితే సగం పైన తప్పులు వాటంతటవే పోతాయి. "షీ ఇంపార్ట్స్ స్టూడెంట్స్ నాలెడ్జ్" అని మనిషిని ముందుకి లాగితే తప్పు. "షీ ఇంపార్ట్స్ స్టూడెంట్స్" అని మనిషి దగ్గరే ఆపేస్తే ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే అప్పుడు ఆవిడ స్టూడెంట్స్‌నే ఎవరికో అందిస్తున్నట్టు అవుతుంది. అసలు విషయం ఏమీ చెప్పకుండా "షీ ఇంపార్ట్స్ వెల్" అనడం కూడా కుదరదు. "షీ టీచెస్ వెల్" అనొచ్చు, ఆవిడ బాగా చెబుతుంది అని. ఇంపార్ట్ అలా ఒంటరిగా నిలబడదు, ఏం అందిస్తోందో చెప్పి తీరాలి.

ఇక్కడ మనకే ఎందుకు తడబాటు వస్తుందో చూస్తే ఆసక్తిగా ఉంటుంది. తెలుగులో నాకు చెప్పు, నాకు నేర్పు, నాకు వివరించు, నాకు తెలియజెయ్యి, అన్నిట్లోనూ మనిషికి పక్కన ఉండేది ఒకటే, కి లేదా కు. క్రియ ఏదైనా సరే ఆ ప్రత్యయం మారదు. ఇంగ్లీష్‌లో అలా కాదు, ప్రతి క్రియా మనిషిని ఒక్కో రకంగా పలకరిస్తుంది. "టెల్ మీ" అనాలి, టు ఉండకూడదు. "ఎక్స్‌ప్లెయిన్ టు మీ" అనాలి, టు లేకపోతే తప్పు. "ఇన్ఫార్మ్ మీ అబౌట్ ఇట్" అనాలి, అంటే ఇక్కడ మనిషి నేరుగా వచ్చి విషయం పక్కన అబౌట్ చేరింది. మన బుర్రలో అన్నిటికీ కి ఒక్కటే కాబట్టి ఏది దేనికో తెలుగు వైపు నుంచి మనకి ఏ క్లూ దొరకదు, అందుకే మనలో బాగా చదువుకున్నవాళ్ళు కూడా "ఎక్స్‌ప్లెయిన్ మీ ద ప్రాబ్లమ్", "సజెస్ట్ మీ ఎ బుక్" అనేస్తారు. ఇది తెలివితేటలకి సంబంధించిన సంగతి కాదు, కాబట్టి సిగ్గుపడాల్సిన పనీ లేదు. క్రియతో పాటు దాని పక్క మాటని కూడా కలిపి నేర్చుకోవాలి, అంతే.

అలాగని ఒక్కో క్రియనీ విడివిడిగా బట్టీ పట్టనక్కర్లేదు, దీనికి ఒక మంచి గుర్తు ఉంది. టీచ్, టెల్, షో, గివ్, సెండ్, లెండ్ లాంటి పొట్టి క్రియలు ఇంగ్లీష్‌లో మొదటినుంచీ ఉన్న పాత మాటలు. ఇవి మనిషిని తమ పక్కనే కూర్చోబెట్టుకుంటాయి: "టీచ్ మీ మ్యాథ్స్", "షో మీ ద వే". లాటిన్ నుంచి, ఎక్కువగా ఫ్రెంచ్ మీదుగా వచ్చిన మాటలు, ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్, కన్వే, కమ్యూనికేట్, ఇంపార్ట్, ఇవి మనిషిని అంత దగ్గరికి రానివ్వవు, మధ్యలో టు అడ్డం పెడతాయి. పలికేటప్పుడు కూడా తేడా తెలుస్తుంది. వీటిలో దాదాపు అన్నిటికీ ఒత్తు రెండో భాగం మీద పడుతుంది, ఎక్స్‌-ప్లెయిన్, సజ్‌-జెస్ట్, ఇం-పార్ట్, అలా. ప్రామిస్, ఆఫర్ కూడా లాటిన్ మూలం ఉన్నవే, కానీ వాటికి ఒత్తు మొదటి భాగం మీద ఉంటుంది, అందుకే కాబోలు "ప్రామిస్ మీ", "ఆఫర్ హిమ్ ఎ జాబ్" అనొచ్చు. అసైన్ లాంటి మినహాయింపులు ఉన్నాయి, కాబట్టి దీన్ని చట్టంలా పట్టుకోకండి. కానీ సందేహం వచ్చి, చేతిలో డిక్షనరీ లేనప్పుడు, ఈ గుర్తు మిమ్మల్ని చాలాసార్లు కాపాడుతుంది.

ఇన్ఫార్మ్, ఎడ్యుకేట్, ట్రెయిన్, ఎన్‌లైటెన్, ఇవి వేరే గుంపు. వీటికి మనిషే ముఖ్యం, విషయం తర్వాత అబౌట్‌తోనో, ఆన్‌తోనో, ఇన్‌తోనో వస్తుంది. "ఎడ్యుకేట్ పేరెంట్స్ అబౌట్ వ్యాక్సీన్స్" అంటాం. ఇదే సంగతి ఇంపార్ట్‌తో చెప్పాలంటే "ఇంపార్ట్ నాలెడ్జ్ అబౌట్ వ్యాక్సీన్స్ టు పేరెంట్స్" అని తిప్పి రాయాలి, కానీ నా మాట వింటే మొదటిదే రాయండి, చిన్నగా, చక్కగా ఉంది.

మనిషి తర్వాత, విషయం ముందు అన్నాను కదా. కానీ "షీ ఇంపార్టెడ్ టు హర్ స్టూడెంట్స్ ఎవ్రీథింగ్ షీ న్యూ అబౌట్ ద క్రాఫ్ట్" అన్న వాక్యం మీరు ఎక్కడైనా చూసే ఉంటారు, అక్కడ మనిషి ముందొచ్చాడు. అది తప్పు కాదు. అందించే విషయం బాగా పొడుగ్గా ఉన్నప్పుడు దాన్ని చివరికి నెట్టేస్తారు, లేకపోతే టు ఎక్కడో దూరంగా వేలాడుతూ చదివేవాళ్ళని ఇబ్బంది పెడుతుంది. "ఎవ్రీథింగ్ షీ హాడ్ లెర్న్డ్ టు హర్ స్టూడెంట్స్" అని రాస్తే ఏమవుతుందో చూడండి, లెర్న్డ్ తర్వాత టు వచ్చేసరికి ఆ టు దేనిదో తేల్చుకోవడానికి చదివేవాళ్ళు ఒక క్షణం ఆగాలి. అలాంటప్పుడు మనిషిని ముందుకి తెచ్చుకోండి. గమనించాల్సింది ఒక్కటే, మనిషి ముందుకొచ్చినా టు మాత్రం వదలకుండా వెంటే వచ్చింది. వరస మారొచ్చు, టు పోకూడదు.

ఇప్పుడు విత్, ఇన్ సంగతి. "ఇంపార్ట్ స్టూడెంట్స్ విత్ నాలెడ్జ్" అని రాసేవాళ్ళు చాలామంది. ఈ విత్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, ప్రొవైడ్ నుంచి. "ప్రొవైడ్ స్టూడెంట్స్ విత్ బుక్స్" సరైనదే, ఆ అలవాటు ఇక్కడికి పాకింది. పార్ట్ విత్ అనే ఇంకో మాట కూడా ఉంది, ఇంపార్ట్‌కి చుట్టంలా కనపడుతుంది కానీ దాని అర్థం ఇష్టమైనదాన్ని వదులుకోవడం. ఇక "ఇంపార్ట్ వాల్యూస్ ఇన్ చిల్డ్రన్" అనే తప్పు ఇన్‌స్టిల్ నుంచి వస్తుంది. పిల్లల్లో విలువలు నాటడం అన్న అర్థంలో "ఇన్‌స్టిల్ వాల్యూస్ ఇన్ చిల్డ్రన్" అంటారు, ఇన్‌కల్కేట్ కూడా ఇన్ తోనే వస్తుంది. ఇంబ్యూ అని ఇంకోటి ఉంది, అది మళ్ళీ రివర్స్, "ఇంబ్యూ చిల్డ్రన్ విత్ వాల్యూస్". ఇంపార్ట్, ఇన్‌స్టిల్, ఇన్‌కల్కేట్, ఇంబ్యూ, నాలుగూ దాదాపు ఒకేలా మొదలవుతాయి, నాలుగూ విలువల గురించి వాడతారు, కలగాపులగం కాకపోతేనే ఆశ్చర్యం. నా సలహా ఏంటంటే వీటిని వేరువేరుగా చదవకండి, ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని గట్టిగా నాలుగుసార్లు చదవండి, చెవికి అలవాటైతే చెయ్యి తప్పు రాయదు.

ఏది ఇంపార్ట్ చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు అన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే వ్యాకరణం సరిగ్గా ఉన్నా ఇక్కడ తేడా వస్తే వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది. నాలెడ్జ్, విజ్‌డమ్, స్కిల్స్, ఇన్ఫర్మేషన్, వాల్యూస్, అడ్వైస్, న్యూస్, ఇవన్నీ హాయిగా అతుకుతాయి. ఒకరి దగ్గర ఉండి ఇంకొకరికి చేరేవి, చేరాక కూడా మొదటివాళ్ళ దగ్గర తరిగిపోనివి. పుస్తకం, డబ్బు, ల్యాప్‌టాప్ లాంటివి ఇంపార్ట్ చెయ్యరు, వాటికి గివ్ ఉంది. సబ్జెక్ట్ పేరు కూడా నేరుగా పెట్టకూడదు. "హీ ఇంపార్ట్స్ మ్యాథ్స్" అనరు, "హీ టీచెస్ మ్యాథ్స్" అంటారు. ఇంపార్టే కావాలనుకుంటే "ఎ నాలెడ్జ్ ఆఫ్ మ్యాథ్స్" అని మధ్యలో ఒక మాట చేర్చాలి. అలాగే ఈత కొట్టడం, కారు నడపడం లాంటి పనులు. "టీచ్ మీ టు స్విమ్" బాగుంది, "ఇంపార్ట్ మీ టు స్విమ్" అన్నది ఇంగ్లీషే కాదు. ఇంపార్ట్ తర్వాత పని రాదు, నామవాచకమే రావాలి. "హీ ఇంపార్టెడ్ దట్ ద ఆఫీస్ వాజ్ క్లోజ్డ్" అని దట్ పెట్టి రాయడం కూడా మానుకోండి, అక్కడ టోల్డ్ అజ్ దట్ అనడమే పద్ధతి.

ఎడ్యుకేషన్ దగ్గరికొద్దాం. "ఇంపార్ట్ ఎడ్యుకేషన్", "ఇంపార్ట్ ట్రైనింగ్", ఈ రెండూ ఇండియాలో రాసే ఇంగ్లీష్‌లో ఎంతగా పాతుకుపోయాయంటే స్కూల్ బ్రోషర్ అంటే "ఇంపార్టింగ్ క్వాలిటీ ఎడ్యుకేషన్" లేకుండా ఉండదేమో అనిపిస్తుంది. ఇవి తప్పా? ఇండియాలో రాసుకున్నంతవరకు ఎవరూ తప్పు పట్టరు, ప్రభుత్వ కాగితాల్లో, పేపర్లలో కూడా ఇవి మామూలే. కానీ బ్రిటన్‌లోనో అమెరికాలోనో చదివేవాళ్ళకి కొంచెం కొత్తగా వినిపిస్తుంది, ఎందుకంటే వాళ్ళ లెక్కలో ఎడ్యుకేషన్, ట్రైనింగ్ అనేవి కొన్నాళ్ళ పాటు జరిగే ప్రక్రియలు. చేతి నుంచి చేతికి అందేది ఆ ప్రక్రియలో దొరికే నాలెడ్జ్, స్కిల్స్. కాబట్టి బయట దేశం యూనివర్సిటీకి ఉత్తరం రాస్తుంటే "ప్రొవైడ్ ఎడ్యుకేషన్", "ట్రెయిన్ ద స్టాఫ్" అని రాయండి. ఇంపార్ట్‌ని నాలెడ్జ్ కోసం, స్కిల్స్ కోసం దాచుకోండి.

ఇంతవరకు చూసింది మొదటి అర్థం. రెండో అర్థం చిన్నది, ఒక సంగతి తెలియజేయడం, ముఖ్యంగా కబురో రహస్యమో. "షీ హాడ్ సమ్ న్యూస్ టు ఇంపార్ట్" అంటే చెప్పాల్సిన కబురు ఒకటి ఆవిడ దగ్గర ఉంది అని. ఇది నవలల్లో, పాత తరహా కథనాల్లో ఎక్కువ, మామూలు ఇమెయిల్‌లో రాస్తే బరువుగా ఉంటుంది.

మూడో అర్థమే అసలు అందమైనది, దీన్నే చాలామంది పట్టించుకోరు. ఒక వస్తువు తన గుణాన్ని ఇంకో వస్తువుకి ఇవ్వడం. ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్ళు ఫ్లేమ్ టెస్ట్ గుర్తు తెచ్చుకోండి. సోడియం లవణాన్ని మంటలో పెడితే మంట బంగారు పసుపు రంగులోకి మారుతుంది, పొటాషియం అయితే లేత ఊదా, కాల్షియం ఇటుక ఎరుపు, బేరియం ఆకుపచ్చ. దీన్ని ఇంగ్లీష్‌లో చెప్పేటప్పుడు వాడే క్రియ ఇదే: "సోడియం ఇంపార్ట్స్ ఎ గోల్డెన్ యెల్లో కలర్ టు ద ఫ్లేమ్." సోడియంలోని ఎలక్ట్రాన్ మంట వేడికి శక్తి పుంజుకుని పైకి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగేటప్పుడు సుమారు 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు విడుదల చేస్తుంది, ఆ వెలుగే మన కంటికి పసుపుగా కనపడుతుంది. బెరీలియం, మెగ్నీషియంలో ఎలక్ట్రాన్లు గట్టిగా బంధించబడి ఉంటాయి కాబట్టి మంట వేడి వాటిని కదిలించలేదు, అందుకే అవి మంటకి ఏ రంగూ ఇవ్వవు. అది చెప్పాలన్నా "డు నాట్ ఇంపార్ట్ ఎనీ కలర్ టు ద ఫ్లేమ్" అనే. వాక్యం వరస గమనించారా, క్రియ, రంగు, టు, మంట. టీచర్, నాలెడ్జ్, స్టూడెంట్ ఉన్న వాక్యానికీ దీనికీ కట్టుబడిలో వెంట్రుకవాసి తేడా కూడా లేదు.

ఇలాంటివి వెతికితే చాలా దొరుకుతాయి. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే దాన్ని స్టెయిన్‌లెస్ స్టీల్ అంటారు, "క్రోమియం ఇంపార్ట్స్ కరోజన్ రెసిస్టెన్స్ టు స్టీల్", అంటే తుప్పు పట్టకుండా నిలిచే గుణాన్ని ఉక్కుకి ఇచ్చేది క్రోమియమే. ఆ క్రోమియమే కెంపుకి ఎరుపు, పచ్చకి ఆకుపచ్చ రంగు ఇస్తుంది. క్రికెట్‌లో లెగ్ స్పిన్నర్ మణికట్టుతో, వేళ్ళతో బంతిని తిప్పి వదిలితే "హీ ఇంపార్ట్స్ స్పిన్ టు ద బాల్" అంటారు, కామెంటరీలో టు బదులు ఆన్ కూడా వినపడుతుంది, అది ఆటలో అలవాటైన వాడుక, మిగతా చోట్ల టు దగ్గరే ఉండండి. ఫిజిక్స్‌లో వేగం, మొమెంటమ్, ఎనర్జీ కూడా ఇలాగే ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకి ఇంపార్ట్ అవుతాయి.

చదువు చెప్పడానికీ మంటకి రంగు రావడానికీ ఒకే క్రియ ఏమిటి అనిపిస్తే, తెలుగులో అబ్బడం అనే మాట గుర్తు చేసుకోండి. వాడికి చదువు అబ్బింది అంటాం, పూలతో పాటు నారకీ వాసన అబ్బినట్టు అనీ అంటాం. మనకి కూడా విద్యకీ వాసనకీ ఒకే క్రియ ఉంది. తేడా అల్లా మనం అందుకునేవాళ్ళ వైపు నుంచి చెబుతాం, ఇంపార్ట్ ఇచ్చేవాళ్ళ వైపు నుంచి చెబుతుంది. నారకి వాసన అబ్బింది అన్నది పువ్వు వైపు నుంచి చెప్పాలనుకోండి, "ద ఫ్లవర్ ఇంపార్ట్స్ ఇట్స్ ఫ్రాగ్రెన్స్ టు ద థ్రెడ్". ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే ఎక్కడ ఇంపార్ట్ వాడాలో ఎక్కడ వద్దో దాదాపు ప్రతిసారీ సరిగ్గా తేల్చుకోగలరు. అవతలివాళ్ళకి ఏదో ఒకటి అబ్బుతోందా? అబ్బేది ఏమిటో పేరు పెట్టి చెప్పగలరా? రెండిటికీ అవునంటే ఇంపార్ట్ పెట్టండి, చెప్పలేకపోతే టీచ్, టెల్ చూసుకోండి. తెలుగులోకి అనువదించేటప్పుడు కూడా ఇదే పనికొస్తుంది, ప్రతిచోటా బోధించు అని రాసేయకుండా, జ్ఞానమైతే అందించడం, కబురైతే తెలియజేయడం, రంగూ వాసనా అయితే ఇవ్వడం లేదా కలిగించడం అని రాస్తే వాక్యం తెలుగులా ఉంటుంది.

మాట పుట్టుక గురించి రెండు ముక్కలు. ఇది లాటిన్‌లో ఇంపార్తీరే అనే క్రియ, పార్స్ అంటే భాగం, దాన్నుంచి వచ్చింది, తన దగ్గరున్నదాంట్లో భాగం ఇవ్వడం అని అర్థం. ఫ్రెంచ్ మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీష్‌లోకి చేరింది, జ్ఞానాన్ని పంచడం అన్న అర్థం తర్వాత స్థిరపడింది. పార్ట్, పార్టిసిపేట్ దీనికి చుట్టాలే. ఇంపార్షియల్ దగ్గర మాత్రం జాగ్రత్త. అందులోనూ భాగమే ఉంది కానీ ముందున్న ఇం కాదు అన్న అర్థంలో వచ్చింది, ఒక పక్షానికి మొగ్గనివాడు అని. లా చదివేవాళ్ళకి తగిలే ఇంపార్టిబుల్ ఎస్టేట్ కూడా అదే తరహా, భాగాలు చెయ్యడానికి వీల్లేని ఆస్తి. ఇంపార్టెంట్, ఇంపోర్ట్ అసలు వేరే వంశం, అవి మోయడం అన్న అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చాయి. స్పెల్‌చెకర్ వీటిని పట్టుకోదు, ఎందుకంటే అన్నీ ఉన్న మాటలే, కాబట్టి ఇంపార్ట్ బదులు ఇంపోర్ట్ అని పడిందేమో మీ కళ్ళతోనే చూసుకోవాలి.

పలకడం మనకి సులువే. తెలుగులో సున్నా తర్వాత ప వస్తే దానంతటదే మ్ పలుకుతుంది, పంపు, చెంప అన్నట్టు, ఇదీ అంతే. బలం పార్ట్ మీద పెట్టండి, ఇం మీద కాదు. బ్రిటిష్ పలుకుబడిలో ర్ వినపడదు, అమెరికన్‌లో వినపడుతుంది, మీరు ఏది పలికినా ఫర్వాలేదు. భూతకాలం ఇంపార్టెడ్. క్రియ ట శబ్దంతో ముగుస్తుంది కాబట్టి చివర్లో స్పష్టంగా ఇడ్ వినపడాలి, మూడు ముక్కలుగా, ఇం-పార్-టిడ్. నామవాచకంగా ఇంపార్టేషన్ అని ఉంది కానీ దాన్ని చాలా అరుదుగా వాడతారు, "ద ఇంపార్టింగ్ ఆఫ్ నాలెడ్జ్" అనొచ్చు, అంతకన్నా టీచింగ్ అనేస్తే గొడవ లేదు.

ఈ క్రియ బరువు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని గొప్పగా వినిపిస్తుందని ఎక్కడపడితే అక్కడ పెట్టేస్తారు. ఇంపార్ట్ చేసేవాళ్ళు ఎప్పుడూ ఒక మెట్టు పైనుంటారు, గురువు, పెద్దవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు. అందుకే ఇంకొకరి గురించి చెప్పేటప్పుడు అది గౌరవంగా ఉంటుంది, తన గురించి తాను చెప్పుకుంటే కొంచెం గొప్పలు పోయినట్టు ఉంటుంది. తోటి ఉద్యోగులకి "ఐ విల్ ఇంపార్ట్ మై నాలెడ్జ్ టు యు" అని మెయిల్ పెడితే వాళ్ళకి ఏమనిపిస్తుందో ఆలోచించండి. అక్కడ షేర్ చాలు, "ఐ విల్ షేర్ వాట్ ఐ నో విత్ యు". షేర్‌కి మాత్రం విత్ అని మర్చిపోకండి. నాకు షేర్ చెయ్యి అనే అలవాటుతో "షేర్ మీ", "షేర్ టు మీ" అని వచ్చేస్తుంది, మనుషుల దగ్గర రెండూ కుదరవు, "షేర్ ఇట్ విత్ మీ" అనాలి. ఫోన్‌లో యాప్‌లు షేర్ టు స్టోరీ అంటాయి కదా అని మీరు అడగొచ్చు, అక్కడ వెళ్ళేది ఒక చోటుకి, మనిషికి కాదు.

కర్మణి వాక్యాల్లో ఇంకో పొరపాటు ఉంది. "ద ఫార్మర్స్ వర్ ఇంపార్టెడ్ ట్రైనింగ్" లాంటి వాక్యాలు పేపర్లలో కనపడుతుంటాయి. టీచ్‌తో ఇది చెల్లుతుంది, "ద స్టూడెంట్స్ వర్ టాట్ మ్యాథ్స్", ఎందుకంటే టీచ్ మనిషిని నేరుగా తీసుకుంటుంది కాబట్టి ఆ మనిషి వాక్యం మొదటికి రాగలడు. ఇంపార్ట్‌కి మనిషి టు వెనకాల ఉన్నాడు, అక్కడి నుంచి లేచి మొదటి కుర్చీలోకి రాలేడు. రావాల్సింది విషయమే: "న్యూ స్కిల్స్ వర్ ఇంపార్టెడ్ టు ద ఫార్మర్స్." లేదా హాయిగా "ద ఫార్మర్స్ వర్ ట్రెయిన్డ్".

ఒక వాక్యాన్ని దగ్గర పెట్టుకుని బాగు చేద్దాం. టీచర్ ఉద్యోగానికి అప్లై చేసేవాళ్ళు ఇలా రాస్తుంటారు: "ఐ వాంట్ టు ఇంపార్ట్ ద స్టూడెంట్స్ విత్ గుడ్ ఎడ్యుకేషన్ అండ్ మోరల్స్." ముందు మనిషిని క్రియ పక్క నుంచి లేపండి, విత్ తీసెయ్యండి, విషయాన్ని ముందుకి తెచ్చి మనిషికి టు పెట్టండి. "ఐ వాంట్ టు ఇంపార్ట్ గుడ్ ఎడ్యుకేషన్ అండ్ మోరల్స్ టు ద స్టూడెంట్స్." వ్యాకరణం సరిపోయింది, కానీ ఇంకా ఎవరైనా రాయగల వాక్యంలాగే ఉంది. మీకు నిజంగా ఏది అందించగల శక్తి ఉందో అది పెట్టండి. ఫిజిక్స్ చెబుతారనుకోండి, "ఐ హోప్ టు ఇంపార్ట్ టు మై స్టూడెంట్స్ ద హ్యాబిట్ ఆఫ్ టెస్టింగ్ ఎవ్రీ క్లెయిమ్ బిఫోర్ అక్సెప్టింగ్ ఇట్." విషయం పొడుగైంది కాబట్టి టు ముందుకొచ్చింది, వాంట్ పోయి హోప్ వచ్చేసరికి గొప్పలు పోయినట్టు కూడా లేదు. ఇలాంటి ఒక్క వాక్యం అప్లికేషన్ మొత్తాన్ని నిలబెడుతుంది.

ఇప్పుడు మీరు చెయ్యండి. చూడకుండా రాసి తర్వాత పోల్చుకోండి. ఈ పొడి నీళ్ళకి నీలం రంగు ఇస్తుంది. నాకు కారు నడపడం నేర్పండి. ఆ ఫోటోలు నాకు షేర్ చెయ్యి. ఈ పద్ధతి మాకు ఒకసారి వివరించండి. ఆవిడ తన నైపుణ్యాన్ని తర్వాతి తరానికి అందించింది. మీకు చెప్పడానికి నా దగ్గర కొత్త కబురేమీ లేదు.

మొదటిది "దిస్ పౌడర్ ఇంపార్ట్స్ ఎ బ్లూ కలర్ టు ద వాటర్". రెండోదాంట్లో ఇంపార్ట్ రాసి ఉంటే కొట్టేయండి, అక్కడ ఉన్నది పని, "టీచ్ మీ టు డ్రైవ్" లేదా "టీచ్ మీ హౌ టు డ్రైవ్". మూడోది "షేర్ దోజ్ ఫోటోస్ విత్ మీ". నాలుగోది "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దిస్ మెథడ్ టు అజ్", టు మర్చిపోతే ఇంకోసారి రాయండి. అయిదోది "షీ ఇంపార్టెడ్ హర్ స్కిల్స్ టు ద నెక్స్ట్ జెనరేషన్", పాస్డ్ ఆన్ అని రాసినా పూర్తి మార్కులే, మాట్లాడేటప్పుడు అదే సహజం. చివరిదానికి "ఐ హావ్ నో న్యూస్ టు ఇంపార్ట్ టు యు" అన్నది తప్పు కాదు, పుస్తకంలో అయితే బాగానే ఉంటుంది. ఫోన్‌లో స్నేహితుడితో అయితే "ఐ హావ్ నో న్యూస్ ఫర్ యు" అనండి.